అంకెల చిట్టా రాసిన జాన్ పోస్టెల్

పోయిన ఏడాది మన బడి వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం జరిగిన సంగతి ఇది. పిల్లలకు ఇవ్వవలసిన ప్రశంసాపత్రాలు అరవై దాకా అచ్చు తీయాలి. మేము అద్దెకు తీసుకున్న హాల్లో ప్రింటరు ఉంది. మా చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. రెండూ వైఫైకి కలిసే ఉన్నాయి. అయినా ఒకదానికొకటి కనబడవు. అక్కడున్న ముగ్గురు టీచర్లలో ఇద్దరం కంప్యూటర్లతోనే పొట్టపోసుకునేవాళ్ళం. గంటసేపు తంటాలు పడ్డాం, తీగలు పీకి పెట్టాం, ప్రింటరును ఆపి మళ్ళీ వేశాం. ఫలితం లేదు.

చివరికి పాటల సాధనకని వచ్చిన ఐదో తరగతి కుర్రాడొకడు దగ్గరికొచ్చి, ముందు రెండింటి చిరునామాలు చూడమన్నాడు. చూశాం. ల్యాప్‌టాప్ చిరునామా 10తో మొదలవుతోంది. ప్రింటరుది 192.168తో మొదలవుతోంది. సంగతి తేలిపోయింది. మేము అతిథుల కోసం పెట్టిన వైఫైలో ఉన్నాం, ప్రింటరు హాలువాళ్ళ సొంత వైఫైలో ఉంది. ఇద్దరం ఒకే గదిలో ఉన్నా వేరువేరు వీధుల్లో కాపురం ఉంటున్నామన్నమాట. వీధి మార్చగానే కాగితాలు గబగబా వచ్చేశాయి.

ఆ కుర్రాడు అంతటితో ఊరుకోలేదు. ఈ నంబర్లు మొట్టమొదట ఎవరు పంచిపెట్టారు, రెండు కంప్యూటర్లకు ఒకే నంబరు రాకుండా ఎవరు చూశారు అని అడిగాడు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రోజూ వాడుకునే వస్తువే అయినా జవాబు చెప్పలేకపోయాం. ఇంటికెళ్ళి చదువుకున్నాం. ఆ జవాబే ఈ వ్యాసం. దాని పేరు జాన్ పోస్టెల్. పేరులోనే పోస్టు ఉన్న ఆ మనిషి కంప్యూటర్ల చిరునామాల చిట్టాను దాదాపు ముప్ఫై ఏళ్ళు తన చేత్తో నడిపించాడు.

చిరునామా అంటే ఏమిటి?

మన అమ్మమ్మ తాతయ్యలకు ఉత్తరం రాయాలంటే పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్ కోడు రాస్తాం. భారతదేశంలో ఆరంకెల పిన్ కోడు 1972లో వచ్చింది. విజయవాడ అనగానే 520001, హైదరాబాదు అనగానే 500001 పెద్దవాళ్ళకు నోటికి వస్తాయి. ఇక్కడ ఆస్ట్రేలియాలో నాలుగంకెల పోస్టుకోడు 1967 నుంచి ఉంది. మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డు 3000, సిడ్నీ 2000. పోస్టుమాన్‌కు మన మొహం తెలియనక్కరలేదు, అంకె తెలిస్తే చాలు.

కంప్యూటరుకూ అంతే. నెట్‌వర్కులో చేరిన ప్రతి యంత్రానికీ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. పాత పద్ధతిలో అది నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు ఉండొచ్చు. ముందు భాగం వీధిని చెబుతుంది, చివరి భాగం ఆ వీధిలో ఇంటిని చెబుతుంది. మా ల్యాప్‌టాపూ ప్రింటరూ తప్పిపోయింది ఆ ముందు భాగం దగ్గరే.

బడిరోజులు

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో పుట్టాడు. లాస్ ఏంజలస్ నగరంలోని వాన్ నైస్ హైస్కూల్లో చదివాడు. అదే బడిలో ఇంచుమించు ఆ రోజుల్లోనే వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ అనే మరో ఇద్దరు కూడా చదివారు. తరువాతి కాలంలో ఇంటర్నెట్టుకు పునాదులు వేసినవాళ్ళలో ఈ ముగ్గురి పేర్లూ ముందు వరసలో ఉంటాయి. ఒక మామూలు ప్రభుత్వ బడి నుంచి ముగ్గురు!

పోస్టెల్ లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1966లో ఇంజనీరింగు పట్టా, 1968లో ఎం.ఎస్. పట్టా తీసుకున్నాడు. 1974లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు అందుకున్నాడు. అక్కడ లెనర్డ్ క్లైన్‌రాక్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసే విద్యార్థులలో ఆయన ఒకడు.

ఆ ప్రయోగశాలలోనే 1969 అక్టోబరు 29 రాత్రి ఒక చిన్న సంగతి జరిగింది. అక్కడి కంప్యూటరు నుంచి ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఉన్న మరో కంప్యూటరుకు ఒక ఇంగ్లీషు మాట పంపబోయారు. రెండు అక్షరాలు చేరాయో లేదో అవతలి యంత్రం పడిపోయింది. కాసేపటికి సరిచేసుకుని మళ్ళీ పంపారు. అర్పానెట్ అనే ఆ నెట్‌వర్కులో ఆ సంవత్సరాంతానికి నాలుగే నాలుగు చోట్లు ఉండేవి. ఈనాటి ఇంటర్నెట్టుకు అదే అమ్మమ్మ.

ఉత్తరాలు దిద్దిన గుమాస్తా

నాలుగు కంప్యూటర్లను కలపడానికి ఇనుప పెట్టెలుంటే సరిపోదు. అవి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో మనుషులు కూర్చుని ఒప్పందానికి రావాలి. ఆ ఒప్పందాలను రాసుకునే కాగితాలకు స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో శ్రీకారం చుట్టాడు. వాటికి పెట్టిన పేరు ఆర్‌ఎఫ్‌సీ. మీ అభిప్రాయాలు చెప్పండి అని దాని అర్థం. హుకుం జారీ చేసినట్టు కాక అందరినీ సలహా అడిగినట్టు ఉండాలని కుర్రవాళ్ళు ఆ పేరు ఎంచుకున్నారు. ప్రతి కాగితానికీ ఒక వరస సంఖ్య.

ఆ కాగితాలను సరిచూసి, నంబరు వేసి, భద్రపరిచే పని పోస్టెల్ భుజాన వేసుకున్నాడు. చనిపోయేవరకూ దించలేదు. ఆయన చేతుల మీదుగా రెండు వేలకు పైగా పత్రాలు వెలువడ్డాయి. వాటిలో రెండు వందలకు పైగా ఆయనే రాశాడు, లేదా రాయడంలో చెయ్యి కలిపాడు. ఇది పేరు తెచ్చే పని కాదు. ఎవరో కనిపెట్టినదాన్ని మరెవరికైనా అర్థమయ్యేలా దిద్దడం, తప్పు ఉంటే వెనక్కి పంపడం, కొత్తది పాతదానితో పేచీ పెట్టుకోకుండా చూడడం. పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన వాళ్ళకు దానికి ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది.

దానితోపాటే రెండో పని కూడా ఆయన నెత్తిన పడింది. కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే బోలెడు అంకెలు కావాలి. ఏ నెట్‌వర్కుకు ఏ అంకె, ఏ సేవకు ఏ ద్వారం అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. 1972 మే నెలలో రాసిన ఒక చిన్న పత్రంలో పోస్టెల్ ఈ అంకెలను పంచడానికి ఒక పెత్తందారు ఉండాలని ప్రతిపాదించి, బహుశా అది నేనేనా అన్నట్టు పక్కన ఒక చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. ఎవరూ కాదనలేదు. అప్పటినుంచి ఎవరికి కొత్త అంకె కావాలన్నా పోస్టెల్‌ను అడగడమే. ఈమెయిలు 25వ నంబరు ద్వారం నుంచి వస్తుంది, వెబ్ పేజీలు 80వ నంబరు ద్వారం నుంచి వస్తాయి. ఇవన్నీ ఆ చిట్టాలోని పద్దులే.

డాక్టరేటు తరువాత ఆయన కొంతకాలం స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో, కంప్యూటరు మౌస్ కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందంలో పనిచేశాడు. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో చేరాడు. సముద్రం ఒడ్డున మెరీనా డెల్ రే అనే చోట ఉన్న ఆ ఆఫీసే చివరివరకూ ఆయన స్థానం. పొడుగాటి గడ్డం, కాళ్ళకు చెప్పులు, సాదాసీదా చొక్కా. సెలవు దొరికితే వీపున సంచీ తగిలించుకుని సియెర్రా నెవాడా కొండలెక్కడం. చూసినవాళ్ళు ఎవరో ముని అనుకునేవాళ్ళు కానీ ప్రపంచపు అంకెల చిట్టా ఈయన దగ్గరుందని అనుకునేవాళ్ళు కాదు. ఆ పనిలో జాయిస్ రేనాల్డ్స్ అనే సహోద్యోగిని ఆయనకు చాలా ఏళ్ళు కుడిభుజంగా నిలిచింది. తరువాతి కాలంలో ఈ ఇద్దరు ముగ్గురు మనుషుల పనికే ఐయానా అని ఘనమైన పేరు వచ్చింది. ఇంటర్నెట్టు అంకెలను కేటాయించే అధికార సంస్థ అని దాని భావం.

కవరు వేరు, ఉత్తరం వేరు

మొదట్లో కంప్యూటర్ల మధ్య సమాచారం పంపే పద్ధతిలో రెండు పనులు కలగాపులగంగా ఉండేవి. చిరునామా చూసి దారి చూపించడం ఒకటి. పంపినదంతా వరస తప్పకుండా చేరిందా అని లెక్క చూసుకోవడం రెండోది. 1977 ఆగస్టులో పోస్టెల్ ఒక పత్రం రాసి, ఈ రెంటినీ ఒకే మూటలో కట్టడం తప్పు, విడదీయాలి అని వాదించాడు. కవరు మీది చిరునామా పోస్టాఫీసుకు కావాలి. లోపలి కాగితాలకు ఒకటి, రెండు, మూడు అని వేసిన పుట సంఖ్యలు చదువుకునేవాడికి కావాలి. పోస్టుమాన్ దారిలో కవరు విప్పి పుటలు లెక్కపెట్టనక్కరలేదు కదా! ఆ తరువాతి ఏడాది నిజంగానే రెంటినీ విడదీశారు. చిరునామా చూసేది ఐపీ, లెక్క చూసేది టీసీపీ. దారిలోని యంత్రాల పని తేలిక అయింది కనుకనే నెట్‌వర్కు ఇంతగా విస్తరించగలిగింది.

1981 సెప్టెంబరులో పోస్టెల్ సంపాదకత్వంలో 791వ నంబరు ఆర్‌ఎఫ్‌సీ వచ్చింది. మనం ఈనాటికీ వాడుతున్న నాలుగంకెల చిరునామా అందులో ఉంది. ఆ లెక్కన మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు వస్తాయి. అప్పటికి అర్పానెట్‌లో ఉన్న కంప్యూటర్లు కొన్ని వందలే, అంచేత అది తరగని గని అనిపించింది. 1982లో ఈమెయిలు పంపే పద్ధతిని కూడా పోస్టెలే రాశాడు. 1983 జనవరి 1న అర్పానెట్ అంతా పాత పద్ధతి వదిలి కొత్త పద్ధతికి మారింది. ఏ కంప్యూటరు ఎలా మారాలో చెప్పే ప్రణాళిక కూడా ఆయన రాసినదే.

అంకెలు యంత్రాలకు సులువు, మనుషులకు కష్టం. అందుకని అంకెలకు పేర్లు తగిలించే పని పోస్టెల్ తన సంస్థలోనే ఉన్న పాల్ మాకపెట్రిస్‌కు అప్పగించాడు. 1983లో ఆయన డీఎన్ఎస్ అనే పద్ధతిని రూపొందించాడు. మనం పేరు కొడితే అది వెతికి అంకె తెచ్చి ఇస్తుంది. ఫోన్లో అమ్మ అని నొక్కితే అమ్మ నంబరు కలిసినట్టే.

ఆస్ట్రేలియాకు వచ్చిన తోక

1984 అక్టోబరులో పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి పేర్ల చివర ఏ తోకలుండాలో రాశారు. కామ్, ఎడ్యు, ఆర్గ్ వంటివి కొన్ని. వాటితోపాటు ప్రతి దేశానికీ రెండక్షరాల తోక. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏది దేశం, ఏది కాదు అని ఎవరు తేల్చాలి? యుద్ధాలే జరిగే ప్రశ్న అది. పోస్టెల్ ఆ జోలికి పోలేదు. అప్పటికే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తయారుచేసిన దేశాల పట్టిక ఒకటి ఉంది. ఆ పట్టికలో ఉంటే తోక ఉంటుంది, లేకపోతే లేదు. తాను తీర్పరిని కానని తెలుసుకుని పక్కకు తప్పుకోవడం కూడా పెద్దరికమే.

మరి దేశపు తోకను ఎవరి చేతిలో పెట్టాలి? 1986 మార్చి 5న ఆస్ట్రేలియా తోక అయిన ఏయూను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేసే రాబర్ట్ ఎల్జ్‌కు అప్పగించారు. ఆయన మంత్రీ కాదు, కంపెనీ యజమానీ కాదు. నెట్‌వర్కు పని తెలిసిన మనిషి, నమ్మదగిన మనిషి. ఆయన తన ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా ఆ బాధ్యత మోశాడు. 1989 జూన్‌లో అదే ఎల్జ్ మెల్‌బోర్న్ నుంచి, టార్బెన్ నీల్సన్ హవాయి విశ్వవిద్యాలయం నుంచి ఉపగ్రహం ద్వారా తీగ కలిపారు. ఆస్ట్రేలియా శాశ్వతంగా ఇంటర్నెట్టులో చేరింది. భారతదేశపు తోక అయిన ఐఎన్ కూడా 1989లోనే నమోదైంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇంటర్నెట్టు అందింది మాత్రం 1995 ఆగస్టు 15 తరువాతే. ఆ రోజునే విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

1994లో పోస్టెల్ రాసిన ఒక పత్రంలో దేశపు తోకను చూసుకునేవాడు దానికి యజమాని కాదని, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేశాడు. హక్కుల మాట పక్కన పెట్టి బాధ్యత గురించి, సేవ గురించి ఆలోచించమన్నాడు. గుడి మాన్యానికి ధర్మకర్త ఉన్నట్టు. మాన్యం ఆయనది కాదు, కాపలా ఆయనది.

పెద్ద పరీక్ష

అయితే కాలం మారింది. పేర్లకు విలువ వచ్చింది. 1993 నుంచి కామ్ పేర్ల నమోదును నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ప్రైవేటు సంస్థ చూస్తుండేది. 1995 సెప్టెంబరు నుంచి ప్రతి పేరుకూ ఏడాదికి 50 డాలర్ల చొప్పున రుసుము మొదలైంది. పేర్ల వ్యాపారం మీద ఎవరి అదుపు ఉండాలన్న తగువు ముదిరింది. కంపెనీలు ఒకవైపు, అమెరికా ప్రభుత్వం ఒకవైపు, ఇతర దేశాలు మరోవైపు, ఇంటర్నెట్టును కట్టిన ఇంజనీర్లు ఇంకోవైపు.

పేర్లు వెతికే యంత్రాలన్నిటికీ మూలం రూటు సర్వర్లనే కొద్దిపాటి కంప్యూటర్లు. అవన్నీ నెట్‌వర్క్ సొల్యూషన్స్ దగ్గరున్న ఒక మూల చిట్టాను చూసి నకలు తీసుకునేవి. 1998 జనవరి 28న పోస్టెల్ ఆ సర్వర్లు నడిపేవారిలో 8 మందికి ఈమెయిలు రాశాడు. ఇకమీదట నకలును తన ఐయానా కంప్యూటరు నుంచి తీసుకోమని కోరాడు. వాళ్ళు ఆయన మాట విని మార్చేశారు. ఏ ప్రభుత్వమూ ఆయనకు ఆ అధికారం రాసివ్వలేదు. ఆయన చెప్పాడు, అంతే. మనం వాడే ఇంటర్నెట్టు ఏమీ ఆగలేదు, ఎవరికీ తేడా తెలియలేదు. కానీ అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఐరా మాగజైనర్ జోక్యం చేసుకున్నాడు. అది ఒక పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ కొద్ది రోజులలోనే అంతా యథాస్థితికి తెచ్చాడు.

ఆయన చేసింది ఒప్పా, తప్పా? మా బడి టీచర్లలోనే దీని మీద వాదన జరిగింది. అందరి ఆస్తిని కాపాడే ధర్మకర్త చేయవలసిన పనే అని కొందరం అన్నాం. ఎంత మంచివాడైనా ఒక్కడి చేతిలో ఇంత అధికారం ఉండకూడదని ఆ రోజే రుజువైందని మరికొందరం అన్నాం. రెండూ నిజమే అనిపిస్తుంది. నమ్మకం మీద నడిచే ఏర్పాటు చాలా అందమైనది. కానీ ఆ మనిషి లేనిరోజు ఏమిటన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. మన బడి లాంటి స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తాళంచెవులు, బ్యాంకు పుస్తకం, పిల్లల జాబితా అన్నీ ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరు ఊరు మారిన రోజున తెలుస్తుంది.

పోస్టెల్‌కూ అది తెలుసు. చిట్టాను ఒక మనిషి నుంచి తప్పించి ఒక సంస్థకు అప్పగించే పనిలో ఆయనే ముందు నిలిచాడు. 1998 సెప్టెంబరు 30న కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నమోదైంది. అక్టోబరు 7న పోస్టెల్ అమెరికా కాంగ్రెసు కమిటీ ముందు హాజరై ఆ ఏర్పాటు గురించి వివరించాడు. సరిగ్గా తొమ్మిది రోజులకు, 1998 అక్టోబరు 16న, గుండె కవాటానికి జరిగిన శస్త్రచికిత్స తరువాత కోలుకుంటుండగా లాస్ ఏంజలస్‌లో కన్నుమూశాడు. వయసు 55 ఏళ్ళు. ఇంటిని అప్పగించి, తాళంచెవి ఇచ్చి, గడప దాటినట్టు వెళ్ళిపోయాడు.

ఆయన బడి స్నేహితుడు వింట్ సెర్ఫ్ నివాళి రాశాడు. దాన్ని పత్రికకు ఇవ్వలేదు. 2468వ నంబరు ఆర్‌ఎఫ్‌సీగా, పోస్టెల్ జీవితమంతా దిద్దిన ఆ వరసలోనే చేర్చారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట అవార్డు ఇస్తోంది. మొదటిది ఆయనకే, మరణానంతరం.

చిట్టా ఇప్పుడు ఎక్కడుంది?

పోస్టెల్ చనిపోయిన 1998లోనే ఆసియా పసిఫిక్ ప్రాంతపు చిరునామాలు పంచే ఎపినిక్ అనే సంస్థ టోక్యో నుంచి మన బ్రిస్బేన్‌కు మారింది. భారతదేశానికి 2012 నుంచి సొంత విభాగం ఉన్నా అది కూడా ఎపినిక్ నీడలోనే పనిచేస్తుంది. అంటే గుంటూరులో తాతయ్య ఇంటి కనెక్షనుకూ, ఇక్కడ మన ఇంటి కనెక్షనుకూ చిరునామాల మూల పద్దు ఒకే పుస్తకంలో ఉంది. ఆదివారం పొద్దున్న మనం తాతయ్యతో వీడియోలో మాట్లాడుతున్నామంటే ఆ రెండు అంకెలూ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయన్నమాట.

తరగదనుకున్న గని తరిగిపోయింది. 2011 ఫిబ్రవరి 3న ఐయానా దగ్గరున్న ఆఖరి మూటలు కూడా పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న ఎపినిక్ నిల్వ కూడా అడుగంటి, ఆఖరి మూటను రేషన్ చెయ్యడం మొదలుపెట్టారు. ప్రస్తుతం రెండు ఉపాయాలు నడుస్తున్నాయి. ఒకటి ఐపీ ఆరో రూపం. అందులో 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని చిరునామాలున్నాయి. రెండోది ఇంటి లోపలి చిరునామాలు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి ఎవరి ఇంట్లోనైనా వాడుకోవచ్చు. బయటి ప్రపంచానికి రౌటరు చిరునామా ఒక్కటే కనబడుతుంది. అపార్టుమెంటుకు వీధి నంబరు ఒకటే, లోపల ఫ్లాటు నంబర్లు వేరు అన్నట్టు.

మరొక ముచ్చట. పోస్టెల్ పాత చిట్టాలో 10వ నంబరు నెట్‌వర్కు అంటే అర్పానెట్. 1990లో అర్పానెట్‌ను మూసేశాక ఆ నంబరును కొన్నాళ్ళకు అందరి ఇళ్ళకూ వదిలేశారు. ఆ రోజు హాల్లో మా ల్యాప్‌టాప్‌కు దొరికింది ఆ అమ్మమ్మగారింటి నంబరేనని తెలిసి ముచ్చటపడ్డాం.

మీ కంప్యూటరు చిరునామా చూసుకోండి

పిల్లలూ, ఇక మీ పని. ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటి చిరునామాలు ఒక కాగితం మీద రాయండి.

విండోస్ కంప్యూటరులో స్టార్ట్ దగ్గర సి, ఎం, డి అనే మూడక్షరాలు కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరస వెతకండి.

మ్యాక్ కంప్యూటరులో ఎడమవైపు పైన ఆపిల్ గుర్తు నొక్కి సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. వైఫై ఎంచుకుని, మీరు కలిసిన నెట్‌వర్కు పక్కన డీటెయిల్స్ నొక్కితే ఐపీ అడ్రస్ కనబడుతుంది. పాత మ్యాక్ అయితే సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో నెట్‌వర్క్ అన్నచోట చూడండి.

లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఐ, పి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏ అని చిన్న అక్షరాలలో కొట్టండి. ఐనెట్ అన్న మాట పక్కన అంకెలుంటాయి. 127.0.0.1 కనబడితే అది వదిలేయండి. అది కంప్యూటరు తనను తాను పిలుచుకునే పేరు, నేను అన్నట్టు. ప్రతి కంప్యూటరులోనూ అదే ఉంటుంది.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, వైఫై, నెట్‌వర్కు పేరు పక్కనున్న ఐ గుర్తు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తయారీని బట్టి కొంచెం తేడా ఉంటుంది కానీ సెట్టింగ్స్‌లో వైఫై దగ్గరికి వెళ్ళి, కలిసిన నెట్‌వర్కు వివరాలు తెరిస్తే సరిపోతుంది.

ఎక్కడైనా 169.254తో మొదలయ్యే అంకె వస్తే ఆ యంత్రానికి రౌటరు చిరునామా ఇవ్వలేదని అర్థం. తీగ సరిగా ఉందా, వైఫై కలిసిందా చూసుకుని రౌటరును ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. అన్నిటికీ ముందు భాగం ఒకటేనా అన్నది కూడా చూడండి. ప్రింటరు మాత్రం వేరే వీధిలో ఉంటే మా కథ గుర్తు తెచ్చుకోండి. రౌటరుకుండే బయటి చిరునామా మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆటల్లో అడిగినా ఇవ్వకండి. దాన్ని బట్టి మీరుండే ప్రాంతం ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

మనకు పనికొచ్చే సూత్రం

పోస్టెల్ కంప్యూటర్ల కోసం ఒక సూత్రం పెట్టాడు. ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. సారాంశం ఇది: తాను పంపేటప్పుడు ప్రతి కంప్యూటరూ నియమాలు తు.చ. తప్పకుండా పాటించాలి. ఎదుటివాడు పంపినదానిలో చిన్న తప్పులుంటే మాత్రం ఓర్చుకుని అర్థం చేసుకోవాలి.

మన ఇళ్ళలో తెలుగుకు ఇది అక్షరాలా వర్తిస్తుందని మాకనిపించింది. పెద్దవాళ్ళం మాట్లాడేటప్పుడు మంచి తెలుగు మాట్లాడదాం, సగం ఇంగ్లీషు కలపకుండా. పిల్లలు తప్పుగా పలికినా, వత్తు మరిచినా, నాన్న వచ్చింది అన్నా నవ్వకుండా అందుకుందాం. నవ్వితే ఆ కనెక్షను తెగిపోతుంది, మళ్ళీ కలపడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇన్నేళ్ళు బడి నడిపి మేము నేర్చుకున్నదీ ఇదే.

ప్రశ్న అడిగిన ఆ కుర్రాడికి ఈ వ్యాసమే మా జవాబు. చిట్టా మొదలుపెట్టింది ఒక్క మనిషి, కాపాడుతున్నది ఇప్పుడు చాలామంది. వచ్చే ఏడాది ప్రశంసాపత్రాలు అచ్చు తీసే బాధ్యత అతనికే ఇద్దామని కమిటీలో తీర్మానించాం. అయితే తనకు తెలిసినదంతా మరో ఇద్దరు పిల్లలకు నేర్పాలన్నది మా షరతు.